బడ్జ్ బడ్జ్ రేవు, చౌరంగీ సందు: నటి చేతికి వచ్చిన కెమెరా

కలకత్తా నగరానికి నైరుతి దిశగా, హుగ్లీ నది తూర్పు గట్టున బడ్జ్ బడ్జ్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. చమురు నిల్వల ట్యాంకులు, జనపనార మిల్లులు, సియాల్దా నుండి వచ్చే స్థానిక రైలు మార్గపు చివరి స్టేషను, ఇవే దాని ఆనవాళ్ళు. పైకి సామాన్యంగా కనిపించే ఈ ఊరు బెంగాల్ చరిత్రకు ఒక గుమ్మం వంటిది. 1756 డిసెంబరు చివరిలో మద్రాసు నుండి నౌకలపై వచ్చిన క్లైవ్ సేనలు కలకత్తాను తిరిగి వశపరచుకొనే ముందు పట్టుకున్నది బడ్జ్ బడ్జ్ కోటనే. కోరమాండల్ తీరం నుండి ఆ సేనలతో వచ్చిన సిపాయిల వల్లనే బెంగాలులో కంపెనీ సిపాయికి 'తెలింగా' అనే పేరు స్థిరపడింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకొని మద్రాసు నుండి ఓడలో వచ్చి దిగినది ఈ రేవులోనే. 1914 సెప్టెంబరు 29న కోమగాట మారు నౌకలోని పంజాబీ ప్రయాణికులపై కాల్పులు జరిగినదీ ఇక్కడే. వారి స్మారక చిహ్నాన్ని 1952లో జవహర్‌లాల్ నెహ్రూ ఆవిష్కరించారు.

బ్రిటిషు సామ్రాజ్యం బెంగాలులోకి వచ్చిన దారి ఇది. ఆ సామ్రాజ్యం వెళ్ళిపోయిన తరువాత కలకత్తాలో మిగిలిపోయిన ఒక వృద్ధ ఉపాధ్యాయిని కథ '36 చౌరంగీ లేన్'. 1981లో విడుదలైన ఆ చిత్రంతో బెంగాలీ తెర కథానాయిక అపర్ణా సేన్ దర్శకురాలుగా మారారు. రేవుకూ చౌరంగీ సందుకూ మధ్య దూరం ఎంతో లేదు. కాని ఆ దూరంలో రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. నటన నుండి దర్శకత్వానికి జరిగిన ఆ మార్పును కేవలం ఒక కళాకారిణి వృత్తి జీవితంలోని మలుపుగా చూస్తే దాని ప్రాముఖ్యం పూర్తిగా బోధపడదు. తెరపై చూడబడే వ్యక్తి తెర వెనుక నిలిచి చూడసాగినప్పుడు కథలో, పాత్రలో, నగరంలో ఏమి మారుతుంది అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

తెలుగు పాఠకులకు ఈ పరిశీలన పరాయిది కాదు. తెలుగు టాకీ తన శైశవంలో కలకత్తా స్టూడియోల నీడలోనే నడక నేర్చింది. సి. పుల్లయ్య దర్శకత్వంలో 1933లో 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' రూపొందినవి కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ ఆధ్వర్యంలోనే. అదే కాలానికి ముందూ వెనుకా గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి వేలాది కూలీలు హుగ్లీ తీరపు జూట్ మిల్లులకు వలస వెళ్ళారు. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల పేర్లు ఎరిగిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు కలకత్తా మిల్లుల మాట కొత్త కాదు. కళాకారులు స్టూడియోలకూ, శ్రామికులు మిల్లులకూ వెళ్ళిన ఆ నగరంలోనే ఒక నటి తన వృత్తిని తిరగరాసుకున్నారు. మన భానుమతి, సావిత్రి, విజయనిర్మల చేసిన ప్రయత్నాలను ఆమె ప్రయత్నంతో పోల్చి చూడడం ఉభయ భాషల సినిమాకూ ఉపకరిస్తుంది.

చూడబడిన ముఖం

అపర్ణా సేన్ 1945 అక్టోబరు 25న కలకత్తాలో జన్మించారు. తండ్రి చిదానంద దాస్‌గుప్తా ప్రసిద్ధ చలనచిత్ర విమర్శకుడు, 1947లో సత్యజిత్ రాయ్ ప్రభృతులతో కలిసి కలకత్తా ఫిలిం సొసైటీని నెలకొల్పినవారిలో ఒకరు. ప్రపంచ సినిమాను గురించిన చర్చ ఆ ఇంట నిత్యకృత్యం. అంటే ఆమె బాల్యం నటీమణుల బాల్యం వలె తెరముందు మొదలు కాలేదు. సినిమాను ప్రశ్నించే ఇంట మొదలైంది.

అయినా లోకం ఆమెను మొదట చూసినది ఒక ఛాయాచిత్రంలోనే. న్యూజిలాండ్‌కు చెందిన ఛాయాగ్రాహకుడు బ్రయన్ బ్రేక్ 1960లో భారతదేశపు వర్షఋతువుపై ఒక చిత్రమాలిక తీశారు. వానచినుకులకు ముఖం ఎత్తి కన్నులు మూసుకున్న ఒక బాలిక చిత్రం అందులో విశ్వవిఖ్యాతమైంది. ఆ బాలిక పధ్నాలుగేళ్ళ అపర్ణ. ఆ వాన నిజమైన వాన కాదు. మేడమీద నిలబెట్టి నీళ్ళు చల్లించి తీసిన దృశ్యమది. భారతదేశపు ఋతుపవనానికి ప్రతీకగా ప్రపంచ పత్రికలు మెచ్చుకున్న ఆ ముఖం వెనుక ఎంత ఏర్పాటు ఉందో ఆ బాలికకు తెలుసు. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవడం అవసరం. పాతికేళ్ళ తరువాత ఆమె తీసిన ఒక చిత్రానికి ఇది దాదాపు భూమికగా నిలిచింది.

1961లో, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా సత్యజిత్ రాయ్ తీసిన 'తీన్ కన్య'లోని 'సమాప్తి' భాగంలో ఆమె మృణ్మయిగా తొలిసారి తెరపైకి వచ్చారు. చెట్లెక్కి, ఉడుతను మచ్చిక చేసుకొని, పెళ్ళి అన్న మాట అర్థం కాక పారిపోయే ఆ పల్లెపిల్ల పాత్రలో ఆమె చూపిన సహజత్వం ఈనాటికీ తాజాగా ఉంటుంది. 1965లో మృణాల్ సేన్ 'ఆకాశ్ కుసుమ్', 1970లో రాయ్ 'అరణ్యేర్ దిన్ రాత్రి', ఐవరీ-మర్చంట్ సంస్థ వారి 'ది గురు', 'బాంబే టాకీ' వంటి చిత్రాలలో ఆమె కనిపించారు. కాని డెబ్బయ్యవ దశకంలో ఆమెకు అశేష ప్రేక్షకుల ఆదరణ తెచ్చినవి వ్యాపార చిత్రాలే. 'జయ జయంతి', 'మేమ్‌సాహెబ్', 'బసంత విలాప్' వంటి చిత్రాలతో ఉత్తమ్ కుమార్, సౌమిత్ర చటర్జీల సరసన ఆమె అగ్రశ్రేణి కథానాయికగా నిలిచారు.

ఇక్కడొక వైరుధ్యం గమనించదగినది. గొప్ప దర్శకులు ఇచ్చిన పాత్రలు తరచు చిన్నవి. పెద్ద పాత్రలు ఇచ్చిన చిత్రాలు తరచు సామాన్యమైనవి. ఒక తెలివైన నటి ఈ రెండింటి నడుమ ఇరవై ఏళ్ళు గడిపినప్పుడు ఆమెకు లభించే విద్య విచిత్రమైనది. మంచి చిత్రం ఎలా నిర్మితమవుతుందో దగ్గరగా చూస్తుంది. నాసిరకం చిత్రంలో స్త్రీపాత్ర ఎక్కడ ప్రాణం కోల్పోతుందో తన శరీరంతోనే తెలుసుకుంటుంది. దర్శకత్వ శాఖలో సహాయకురాలుగా పని చేయకపోయినా అపర్ణా సేన్ పొందిన శిక్షణ ఇదే.

చౌరంగీ సందులో సామ్రాజ్య శేషం

మొదటి చిత్రానికి ఆమె ఎన్నుకున్న కథను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రజాదరణ గల కథానాయిక దర్శకురాలైనప్పుడు తనకు తాను ఒక గొప్ప పాత్ర సమకూర్చుకోవడం లోకసహజం. ఆమె అలా చేయలేదు. తన చిత్రంలో తాను నటించలేదు. తన మాతృభాషలోనూ తీయలేదు. ఆంగ్లో-ఇండియన్ వృద్ధ ఉపాధ్యాయిని వయొలెట్ స్టోన్‌హామ్ కథను ఆమె ఆంగ్లంలో స్వయంగా రచించారు. రాయ్ ఆ రచనను చదివి ప్రోత్సహించారు. శశికపూర్ నిర్మాతగా ముందుకు వచ్చారు. ఆయన సతీమణి జెన్నిఫర్ కెండల్ వయొలెట్ పాత్ర ధరించారు. అశోక్ మెహతా ఛాయాగ్రహణం, వన్‌రాజ్ భాటియా సంగీతం సమకూర్చారు.

కథ స్థూలంగా ఇది. వయొలెట్ బాలికల పాఠశాలలో షేక్‌స్పియర్ నాటకాలు బోధిస్తూ, ఒక పిల్లిని తోడుగా పెట్టుకొని, పాతకాలపు వాటాలో ఒంటరిగా జీవిస్తుంది. అన్న ఎడ్డీ వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఆప్తురాలైన రోజ్‌మేరీ పెళ్ళి చేసుకొని ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. పాఠశాలలో కొత్త ప్రధానోపాధ్యాయిని షేక్‌స్పియర్‌ను మరొకరికి అప్పగించి ఆమెను వ్యాకరణ పాఠాలకు మళ్ళిస్తుంది. ఆ స్థితిలో పూర్వ విద్యార్థిని నందిత, ఆమె ప్రియుడు సమరేశ్ తారసపడతారు. అతడు రచన చేసుకొనేందుకు పగటిపూట వాటా కావాలని అడుగుతారు. వారికి కావలసినది ఏకాంతం. ఆమెకు కావలసినది మనిషి అలికిడి. పెళ్ళి అయి సొంత ఇల్లు అమరిన తరువాత వారికి ఆమెతో పని తీరిపోతుంది. క్రిస్మస్ రాత్రి తాను చేసిన కేకు పట్టుకొని వారింటికి వెళ్ళిన వయొలెట్, ఊళ్ళో ఉండమని తనకు చెప్పిన ఆ జంట అతిథులతో వేడుక చేసుకోవడం బయటి నుండి చూస్తుంది.

ఈ చిత్రంలో దుర్మార్గులు లేరు. నందిత, సమరేశ్ చదువుకున్నవారు, మర్యాదస్తులు. వారి మర్యాదలోనే కాఠిన్యం దాగి ఉంది. నటన ఎరిగిన దర్శకురాలి చేయి కనిపించేది ఇక్కడే. దేబశ్రీ రాయ్, ధృతిమాన్ చటర్జీ తమ పాత్రలను ఎక్కడా కపటులుగా చూపరు. అభిమానం నటిస్తున్నామన్న స్పృహ వారికి కూడా పూర్తిగా ఉండదు. వయొలెట్ పాత్రలో జెన్నిఫర్ కెండల్ మెట్లెక్కే తీరు, టీ పోసే తీరు, ఎదుటివారు మాట ముగించకముందే సంతోషపడే తీరు చూస్తే సంభాషణతో పని లేకుండా ఒంటరితనం బోధపడుతుంది. ముఖానికి ఎంత అవకాశం ఇవ్వాలో, ఎప్పుడు కెమెరా వెనుకకు జరగాలో తెలిసినవారు తీసిన దృశ్యాలవి. చివర నిర్మానుష్యమైన రాత్రి వేళ ఒక వీధికుక్కను తోడుగా చేసుకొని ఆమె 'కింగ్ లియర్' లోని మాటలు వల్లిస్తూ నడచిపోయే దృశ్యంలో విషాదం గాంభీర్యంగా మారుతుంది. పాఠశాల ఆమె చేతినుండి తీసివేసిన షేక్‌స్పియర్‌ను ఆమె నోటినుండి ఎవరూ తీసివేయలేకపోయారు.

చిత్రంలో లోపాలు లేకపోలేదు. కలల దృశ్యాలలో ప్రతీకలు మోతాదు మించాయి. ఇతర సన్నివేశాలు నిశ్శబ్దంగా చెప్పినదానిని అవి బిగ్గరగా చెబుతాయి. తొలి చిత్రపు అనుమానం వాటిలో కనిపిస్తుంది. అయినప్పటికీ 1981వ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ ఛాయాగ్రహణం, ఉత్తమ ఆంగ్ల చిత్రం గౌరవాలు దీనికి దక్కాయి. 1982లో మనీలా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో అగ్ర బహుమతి లభించింది.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ కథ విలువ మరింత పెరుగుతుంది. క్లైవ్ వచ్చిన రేవు గురించి గ్రంథాలున్నాయి. కోమగాట మారు అమరుల స్మృతికి స్తూపం ఉంది. సామ్రాజ్యం ముగిసిన తరువాత ఏ దేశానికీ పూర్తిగా చెందక, పింఛనుకూ ప్రార్థనకూ మధ్య జీవించిన ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలకు చరిత్ర గ్రంథాలలో దక్కినది ఒకటి రెండు పేరాలే. పాలకుల రాకపోకలను రేవులు గుర్తుంచుకుంటాయి. మిగిలిపోయినవారిని గుర్తుంచుకొనే పనిని ఒక సినిమా చేసింది.

పరమ: ఛాయాచిత్రం నుండి పేరు వరకు

రెండవ చిత్రం 'పరమ' 1985లో వచ్చింది. ఉమ్మడి కుటుంబంలో కోడలిగా, భార్యగా, తల్లిగా, పిన్నిగా పిలువబడుతూ తన పేరే మరచిన నలభై ఏళ్ళ గృహిణి పాత్రలో రాఖీ నటించారు. విదేశాలలో పేరుగన్న ఛాయాగ్రాహకుడు ఒకడు సంప్రదాయ భారతీయ స్త్రీ అన్న అంశంపై చిత్రాలు తీయడానికి ఆ ఇంటికి వస్తాడు. చిత్రాలు తీయడం అనుబంధంగా మారుతుంది. అతడు వెళ్ళిపోయాక విదేశీ పత్రికలో అచ్చయిన ఆమె చిత్రం ఇంటికి చేరుతుంది. ఇల్లు ఆమెను వెలివేస్తుంది. ఆత్మహత్యాయత్నం తరువాత కోలుకొన్న పరమ అపరాధ భావాన్ని అంగీకరించదు. తన కాళ్ళపై తాను నిలబడే పని కావాలంటుంది. ఎంతో కాలంగా గుర్తుకు రాని ఒక మొక్క పేరు ఆమెకు జ్ఞాపకం వస్తుంది.

నాడు ఈ చిత్రం బెంగాలు మధ్యతరగతి ఇళ్ళలో తీవ్ర వాదోపవాదాలకు కారణమైంది. వివాదం అంతా నీతిని గురించి నడిచింది. కాని చిత్రంలోని అసలు ప్రశ్న చూపును గురించినది. భారతీయ స్త్రీత్వానికి ప్రతీకగా ఒక ముఖాన్ని ఎన్నుకొని, అలంకరించి, వెలుతురు అమర్చి, ప్రపంచానికి చూపే ఛాయాగ్రాహకుడు ఆ ముఖం వెనుక మనిషికి ఏమి బాకీ పడతాడు? మేడమీద కృత్రిమ వర్షంలో నిలిచిన బాలిక పెద్దయి వేసిన ప్రశ్నగా దీనిని చదివితే 'పరమ'కు కొత్త అర్థం స్ఫురిస్తుంది. ఆ ఛాయాగ్రాహకుణ్ణి ఆమె దుష్టుడిగా చిత్రించలేదు. అతని చూపు పరమకు తనను తాను చూసుకొనే తొలి అద్దం కూడా అయింది. ఇచ్చినదీ తీసుకున్నదీ ఒకే చూపు. ఆ చూపుకు రెండు వైపులా నిలిచిన అనుభవం ఉన్నందువల్లనే ఈ న్యాయబుద్ధి సాధ్యమైంది.

2002లో వచ్చిన 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్'లో మళ్ళీ ఒక ఛాయాగ్రాహకుడు ఉన్నాడు. ఈసారి అతడు వన్యప్రాణుల చిత్రాలు తీసేవాడు, ముస్లిం. మతకలహాల మధ్య ఆగిన బస్సులో తోటి ప్రయాణికురాలైన తమిళ బ్రాహ్మణ యువతి మీనాక్షి అతణ్ణి తన భర్తగా చెప్పి ప్రాణం కాపాడుతుంది. 'పరమ'లో పేరు మరచిన స్త్రీ ఉంటే, ఇక్కడ ఒక పేరు ఇచ్చి మనిషిని బ్రతికించే స్త్రీ ఉంది. మడి, అంటు ఎరిగిన ఆ యువతి చెప్పిన ఒక్క అబద్ధం చిత్రంలోని అన్ని ఉపన్యాసాల కంటే గట్టిది. ఈ చిత్రానికి అపర్ణా సేన్ రెండవసారి ఉత్తమ దర్శకత్వ జాతీయ పురస్కారం అందుకున్నారు. మీనాక్షిగా నటించిన ఆమె కుమార్తె కొంకణా సేన్ శర్మ ఉత్తమ నటి అయ్యారు.

తెలుగునాట మూడు దారులు

దక్షిణాదిలో నటీమణులు దర్శకత్వం చేపట్టడం ఇంకా ముందే జరిగింది. టి.పి. రాజలక్ష్మి 1936లోనే తమిళంలో 'మిస్ కమల' తీశారు. తెలుగులో భానుమతీ రామకృష్ణ 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో ఏకకాలంలో రూపొందించి, ద్విపాత్రాభినయం చేసి, దర్శకత్వం వహించారు. బెంగాలులో కూడా అపర్ణా సేన్ తొలి మహిళ కారు. అరుంధతీ దేవి 1967లో 'ఛుటి' తీసి పండితుల మన్ననలు పొందారు. నటి మంజు డే అంతకు ముందే దర్శకత్వం చేపట్టారు. కనుక ఇది ఒంటరి సాహసం అని చెప్పడం ఆమె ముందరి వారికి అన్యాయం చేయడమే అవుతుంది.

భానుమతి దారి స్వాధికారానిది. భరణీ సంస్థ ఆమె కుటుంబానిదే. గానం, రచన, నటన, నిర్మాణం అన్నీ తన చేతిలో ఉన్న వ్యక్తికి దర్శకత్వం ఆ అధికారానికి సహజమైన కొనసాగింపు. తెరపై తన ప్రతిభకు తగిన పాత్ర ఇతరులు రాయలేదనుకున్నప్పుడు తానే సృష్టించుకోగల స్తోమత ఆమెకు ఉండేది. ఆమె దర్శకత్వం చూపును మార్చడం కంటె తన వ్యక్తిత్వాన్ని విస్తరింపజేయడానికే ఎక్కువగా తోడ్పడింది.

సావిత్రి దారి వేరు. 1968లో 'చిన్నారి పాపలు' చిత్రంతో ఆమె దర్శకురాలయ్యారు. ప్రధాన శాఖలలో సాధ్యమైనంతవరకు స్త్రీలనే నియమించిన ఆ చిత్రానికి పి. లీల సంగీతం సమకూర్చారు. కథానాయికగా శిఖరాన ఉన్న నటి, తోటి స్త్రీల చేత ఒక చిత్రాన్ని నడిపించాలన్న ఆ సంకల్పం కాలానికి ఎంతో ముందున్నది. తరువాత ఆమె 'మాతృదేవత', తమిళంలో 'ప్రాప్తం' వంటి చిత్రాలు తీశారు. ఆర్థికంగా అవి ఆమెను ఆదుకోలేదు. 'మూగమనసులు' కథను తమిళంలో తీసిన 'ప్రాప్తం' తీవ్ర నష్టాలు మిగిల్చింది. 1981 డిసెంబరు 26న ఆమె మద్రాసులో కన్నుమూశారు. అదే సంవత్సరంలో కలకత్తా నటి తీసిన తొలి చిత్రం విడుదలైందన్న సంగతిని యాదృచ్ఛికమని వదలివేయవచ్చు. కాని ఆ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు లోపించినదేమిటో తెలుస్తుంది. సావిత్రికి ప్రతిభ కొరత లేదు. అపర్ణా సేన్ వెనుక ఫిలిం సొసైటీ ఉద్యమం తయారుచేసిన ప్రేక్షకులు, రచన చదివి సలహా చెప్పే పెద్దలు, నష్టభయం పంచుకొనే నిర్మాత, 1989లో 'సతి'కి పెట్టుబడి పెట్టిన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఉన్నాయి. సావిత్రి వెనుక ఉన్నది సావిత్రి సంపాదన మాత్రమే.

విజయనిర్మల మూడవ దారి చూపారు. 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా 'మీనా' తీసి, పరిశ్రమ నియమాలకు లోబడి, పరిశ్రమ వేగంతోనే పనిచేసి, నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించారు. అత్యధిక చిత్రాల మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ గ్రంథంలో ఆమె పేరు చేరింది. విమర్శకులు ఆమెను గూర్చి తక్కువ రాశారు. స్త్రీ దర్శకత్వం అరుదైన వింతగా గాక దైనందిన వృత్తిగా నిలువగలదని నిరూపించినది ఆమెయే. సంఖ్య కూడా ఒక వాదమే అని గ్రహించవలసి ఉంది.

అత్తాకోడళ్ళ మాట

2000 సంవత్సరంలో వచ్చిన 'పరమితార్ ఏక్ దిన్' అపర్ణా సేన్ చిత్రాలలో తెలుగువారికి ఎక్కువ సన్నిహితంగా తోచేది. అత్తగారు సనక శ్రాద్ధానికి, విడాకులు తీసుకొని మరొకరిని పెళ్ళాడిన మాజీ కోడలు పరమిత వస్తుంది. అక్కడి నుండి గతం విప్పారుతుంది. మానసిక రోగంతో ఉన్న కూతురిని సాకే అత్తగారు, మెదడు పక్షవాతంతో పుట్టిన కొడుకును సాకే కోడలు, ఒకే కప్పు కింద ఒకరికొకరు ఆసరా అవుతారు. కోడలు ఆ ఇంటిని వదలినా వారి స్నేహం వదలదు. ఈ చిత్రంలో సనక పాత్రను దర్శకురాలే ధరించారు.

భానుమతి 'అత్తగారి కథలు'లో అత్తగారి చాదస్తం, అమాయకత్వం కోడలి చమత్కారపు కంటితో కనిపించి తెలుగు హాస్యసాహిత్యంలో చిరస్థానం పొందాయి. అక్కడి నవ్వులో కూడా ఆప్యాయత ఉంది. అపర్ణా సేన్ అదే బంధాన్ని హాస్యం తొలగించి, బరువైన నిత్యజీవితంలో నిలిపారు. ఇద్దరు నటీమణులూ అత్తగారిని గయ్యాళి అన్న మూసలో నుండి బయటకు తేవడం కేవలం కాకతాళీయం కాదు. ఎన్నో చిత్రాలలో ఆ మూసను దగ్గరగా చూసినవారికే దానిని విరగగొట్టాలన్న కోరిక కలుగుతుంది. సనక పాత్రలో అపర్ణా సేన్ తన వెనుకటి కథానాయిక సౌందర్యాన్ని పూర్తిగా పక్కన పెట్టారు. తమలపాకు నమిలే, ఊరి కబుర్లు చెప్పుకొనే, తనకు నచ్చిన మనిషిని చేసుకోలేకపోయిన సామాన్య గృహిణిగా ఆమె కనిపిస్తారు. తొలి చిత్రంలో నటించకుండా ఉండడం ఎంత సంయమనమో, ఇందులో ఇలా నటించడం అంత ఆత్మవిశ్వాసం.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. ఆమె నటనను విడిచి దర్శకత్వానికి తరలిపోయారనడం సరికాదు. ఋతుపర్ణ ఘోష్ 'ఉనిషే ఏప్రిల్'లో కళకూ మాతృత్వానికీ నడుమ నలిగిన నర్తకిగా ఆమె చేసిన పాత్ర దర్శకురాలైన తరువాతిదే. ఆ చిత్రంలో కుమార్తెగా నటించిన దేబశ్రీ రాయ్, చౌరంగీ సందులో నందితగా ఆమె చేతి కింద పనిచేసినవారు. ఒక విద్య మరొకదానిని పోషించింది. 1986 నుండి 2005 వరకు 'సానంద' మహిళా పత్రికకు ఆమె సంపాదకురాలుగా ఉండడం కూడా అదే చూపు మరొక రంగంలో పనిచేయడమే.

పరిమితులు

ఈ కృషి విమర్శకు అతీతమైనది కాదు. 1989లో వచ్చిన 'సతి' కథ 1828లో, అంటే సతీసహగమనాన్ని నిషేధించిన 1829 డిసెంబరు శాసనానికి ఏడాది ముందు నడుస్తుంది. జాతకదోషం పేరిట మూగబాలిక ఉమను మర్రిచెట్టుకు ఇచ్చి పెళ్ళి చేస్తారు. 1987లో రాజస్థాన్‌లోని దేవ్‌రాలాలో జరిగిన దారుణం, దాని వెంట వచ్చిన చట్టం దేశాన్ని కలచివేసిన రోజులలో ఈ చిత్రం రావడం సమయోచితమే. షబానా ఆజ్మీ మూగపాత్రలో కళ్ళతో పలికించినది తక్కువ కాదు. కాని కథానాయికకు మాట లేకుండా చేయడంతో పీడన ఒక చిహ్నంగా గడ్డకట్టింది. వయొలెట్‌లో, పరమలో, సనకలో కనిపించే చిన్న చిన్న స్వార్థాలు, సరదాలు, పట్టుదలలు ఉమకు లేవు. ఆనాటి గ్రామీణ సమాజం, దాని ఆర్థిక మూలాలు చరిత్ర విద్యార్థికి తృప్తి కలిగించే స్థాయిలో తెరపైకి రాలేదు. తాను ఎరిగిన గదులలో నిశితంగా ఉండే ఈ దర్శకురాలి చూపు, తాను ఎరుగని ఊళ్ళో ప్రతీకలను ఆశ్రయించింది.

రెండవ పరిమితి కూడా దీనితో ముడిపడినదే. ఆమె కలకత్తా ప్రధానంగా చదువుకున్నవారి కలకత్తా. వాటాలు, పుస్తకాల బీరువాలు, గ్రామఫోను, వైద్యశాలలు, మేడలు అందులో ఉన్నాయి. హుగ్లీ తీరపు మిల్లుల సైరను అందులో అరుదుగా వినిపిస్తుంది. బడ్జ్ బడ్జ్ జూట్ కార్మికుని భార్య, తెలుగో బిహారీయో ఒరియానో మాట్లాడే వలస కుటుంబపు స్త్రీ, 'పరమ' ఎదుర్కొన్న ప్రశ్నలనే మరొక ధరకు ఎదుర్కొని ఉంటుంది. పని కావాలని పరమ అడిగినప్పుడు అది విముక్తి ప్రకటన. మిల్లు వాడలో స్త్రీకి పని విముక్తి కంటె ముందు తిండి. ఈ వ్యత్యాసం ఆమె చిత్రాలలో చర్చకు రాలేదు. దీనిని నిందగా చెప్పనవసరం లేదు. తాను ఎరిగినదానిని నిజాయితీగా చూపిన కళాకారిణి నుండి ఎరుగనిదానిని కూడా కోరడం అత్యాశ కావచ్చు. అయితే నటీమణి కెమెరా చేపట్టడమే స్త్రీల చూపు తెరకెక్కడం అని తేల్చివేసేవారికి ఇది ఒక హెచ్చరిక. చూపు మారడం ఒక్కసారితో ముగిసే పని కాదు. ఎవరి చూపు అన్న ప్రశ్న ప్రతి మలుపులోనూ తిరిగి వేసుకోవలసి ఉంటుంది.

ముగింపు

ఒక నటి దర్శకురాలు కావడానికి ఏమి కావాలి అన్న ప్రశ్నకు ఈ పరిశీలనలో రెండు సమాధానాలు లభిస్తాయి. మొదటిది వ్యక్తికి సంబంధించినది. తనను లోకం ఎలా చూసిందో గుర్తుంచుకొని, ఆ చూపును మరొకరిపై అదే విధంగా ప్రయోగించకుండా ఉండగల నిగ్రహం కావాలి. అపర్ణా సేన్ చిత్రాలలో మిక్కిలి మంచివి ఈ నిగ్రహం నుండి పుట్టినవే. రెండవది సమాజానికి సంబంధించినది. ఆమెకు లభించిన ప్రేక్షకుల సంస్కారం, సంస్థల చేయూత ప్రతి భాషలోనూ ఉండాలి. చలనచిత్రాలకు ప్రభుత్వ సహాయం, ఫిలిం సొసైటీల పోషణ, పాత చిత్రాల భద్రత వంటివి బడ్జెటు పద్దులలో చిన్న అంశాలుగా కనిపిస్తాయి. వాటి విలువ ఎంతో తెలుసుకోవడానికి 1981వ సంవత్సరాన్ని ఒక్కసారి తలచుకుంటే చాలు. ఒక నటి ఆ ఏడు దర్శకురాలుగా జన్మించింది. దర్శకురాలు కావాలని ప్రయత్నించిన మరొక మహానటి అదే ఏడు అస్తమించింది.

బడ్జ్ బడ్జ్ రేవులో ఓడలు దిగినవారి పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ ఊరి మిల్లులలో నార పేనిన స్త్రీల పేర్లు లేవు. వయొలెట్ స్టోన్‌హామ్‌ను చీకటి వీధిలో నుండి వెలుగులోకి తెచ్చినట్లు, వారిని కూడా తెరపైకి తెచ్చే కెమెరా ఒకటి ఇంకా రావలసి ఉంది. దానిని పట్టుకొనే చేయి నటిదైనా కావచ్చు, ఆ మిల్లు వాడలోనే పుట్టిన పిల్లదైనా కావచ్చు. అపర్ణా సేన్ నడిచిన దారి ఆ చేతికి ధైర్యం ఇస్తుంది, ఆమె నడవని దారి పని ఇస్తుంది.